మా తమ్ముడు తాగడు

2003 నవంబరు 15, శనివారం సాయంత్రం. నేరేడ్‌మెట్‌లో మా తమ్ముడి ఇల్లు. హాజరైనవారు: నేను, నా భార్య, తమ్ముడు, మరదలు, వాళ్ళమ్మాయి. అవతలి వైపు నుంచి అబ్బాయి, అతని తండ్రి, తల్లి.

డైరీలో ఆ రోజు పేజీ ఇలాగే మొదలవుతుంది. రైల్వే డ్రాయింగు ఆఫీసులో ఉన్నప్పుడు పట్టుకున్న అలవాటు ఇది. ఎవరెవరు వచ్చారో ముందు రాసి, ఏం జరిగిందో ఆ తర్వాత రాస్తాను. ఆ రోజు మాత్రం వచ్చినవాళ్ళ పేర్ల కింద, వాళ్ళకి పెట్టిన ఫలహారాలు రాసి కలం మూసేశాను. మిగిలినది ఇప్పుడు రాస్తున్నాను.

పెళ్ళి మాటలకి వాళ్ళు రాకముందే తమ్ముణ్ణి ముందుగదిలో చేతుల కుర్చీలో కూర్చోబెట్టాం. ఇస్త్రీ చొక్కా మరదలే తొడిగి బొత్తాలు పెట్టింది. వాళ్ళు వెళ్ళేదాకా వాడు లేవకూడదు. కాఫీ ఇవ్వకూడదు, కప్పు అందుకోబోతే చెయ్యి పక్కకి పోతుంది, అందుకున్నా సాసరు టకటకలాడుతుంది. ఎక్కువ మాట్లాడకూడదు, మాట ముద్దగా వస్తుంది. ఎవరైనా అడిగితే మోకాలి నొప్పి అని చెప్పాలి. చెప్పవలసింది నేను. ఆడపిల్ల పెదనాన్నని, ఇంటికి పెద్దని.

"నన్ను బొమ్మల కొలువులో పెట్టినట్టు పెట్టారురా అన్నయ్యా," అన్నాడు తమ్ముడు. వాడి మాట అర్థం కావడానికి కొత్తవాళ్ళకి కాస్త సమయం పట్టేది. మాకు అలవాటైపోయింది.

అప్పటికి వాడికి ఏడెనిమిదేళ్ళుగా ఉంది ఆ జబ్బు. కాలేజీ కెమిస్ట్రీ లాబులో పనిచేసేవాడు. గాజు సామాను చేతిలోంచి జారడంతో మొదలైంది. తర్వాత మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవడం, ఆ తర్వాత చదునైన నేల మీద కూడా కాళ్ళు ఎడంగా వేసి, పడవలో నడిచేవాడిలా నడవడం. కాళ్ళలో బలం లేక కాదు. బలముంది, పొందిక లేదు.

మా నాన్న కూడా అలాగే నడిచేవాడు. సికింద్రాబాదు యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ పని. డ్యూటీలో తూలుతున్నాడని ఒకసారి పైఅధికారి నలుగురి ముందూ నోరు ఊదమన్నాడు. నాన్న ఊదాడు. వాసన లేదు. అయినా ఆయన్ని గేటు పనికి మార్చారు. రైల్వే క్వార్టర్సులో పిల్లలు ఆయన వెనకాల తూలుతూ నడిచి నవ్వేవాళ్ళు. అమ్మ బతికినన్నాళ్ళూ కనబడిన ప్రతివాళ్ళతోనూ, "ఆయన చుక్క ముట్టరండీ," అని చెబుతూనే ఉంది. ఎవరూ నమ్మలేదు.

అమ్మకి ఇంకో దిగులు కూడా ఉండేది. ఆమె నాన్నకి సొంత మేనత్త కూతురు. శ్రీకాకుళం వైపు మా వాళ్ళలో మేనరికమంటే హక్కు. ఆ హక్కు వల్లే రక్తం చెడిందని ఆమె నమ్మకం. అందుకే పట్టుబట్టి మా ఇద్దరికీ పరాయి సంబంధాలు చేసింది. మా పెళ్ళిళ్ళయిన రోజున, ఇంక ఆ జబ్బు మన గుమ్మం తొక్కదని ఏడ్చిందట. మేమూ అలాగే నమ్మాం. తమ్ముడి చేతిలో గాజు సామాను పగులుతున్నప్పుడు కూడా కళ్ళజోడు మార్చమని చెప్పానే తప్ప, నాన్న గుర్తుకు రాలేదు.

ఆ యేడు వేసవిలో నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన వాణ్ణి గీత మీద నడవమని, వేలితో ముక్కు తాకమని చెప్పి, మా ఇంటి సంగతులు అడిగాడు. నేను మేనరికం మాట ఎత్తాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"మేనరికంతో వచ్చేవి వేరే ఉన్నాయి. వాటికి తల్లీ తండ్రీ ఇద్దరి దగ్గర్నుంచీ చెడ్డ జన్యువు రావాలి. మీది అలాంటిది కాదనిపిస్తోంది. ఒక్కరి నుంచి వస్తే చాలు. మీ అమ్మగారు ఎవరి కూతురైనా ఇది వచ్చి ఉండేదే."

తర్వాత నెమ్మదిగా వివరించాడు. మెదడు వెనక భాగంలో చిన్నమెదడు ఉంటుంది, మన కదలికలన్నిటికీ పొందిక కుదిర్చేది అదే. దానికి కావలసిన ఒక జన్యువులో మూడక్షరాల ముక్క ఒకటి వరసగా మళ్ళీ మళ్ళీ వస్తుంది. అందరిలోనూ అంతే. కొన్ని కుటుంబాల్లో ఆ ముక్క ఉండవలసిన దానికంటే చాలా ఎక్కువసార్లు వస్తుంది. అప్పుడు తయారయ్యే పదార్థం చెడిపోయి, చిన్నమెదడు కణాలు ఏళ్ళ తరబడి ఒక్కొక్కటే చచ్చిపోతాయి. నేను డ్రాయింగు ఆఫీసు మనిషినని తెలిసి, "అసలు డ్రాయింగులో తప్పు గీత ఉంటే దాని మీద పెట్టి తీసే ట్రేసింగులో కూడా వస్తుంది కదా? పైగా ఇందులో ట్రేసింగు చేసినప్పుడల్లా ఆ తప్పు కొంచెం పొడుగవ్వచ్చు. అందుకే నాన్నగారి కంటే మీ తమ్ముడికి ముందు మొదలైంది," అన్నాడు.

"మరి పిల్లలకి?" అన్నాను.

"ప్రతి బిడ్డకీ సగం అవకాశం. తండ్రిలో ఉన్న రెండు ప్రతుల్లో ఏదో ఒకటే బిడ్డకి వెళుతుంది. మంచిది వెళితే అక్కడితో ఆగిపోతుంది, ఇంక మనవలకి కూడా రాదు."

తమ్ముడి రక్తం, నా రక్తం ఒకే రోజు తీసుకున్నారు. నాకు పెద్ద వయసు వచ్చినా ఏమీ కాలేదు కాబట్టి భయం లేదని ఆయన అన్నా, నా పిల్లల కోసం నేనే అడిగి ఇచ్చాను. ఫలితాలు వచ్చిన రోజు ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. తమ్ముడికి ఉంది. నాకు లేదు.

తమ్ముడు నా భుజం మీద చెయ్యి వేయబోయాడు. అది గురి తప్పి నా చెవికి తగిలింది. "నీకు లేదు. హమ్మయ్య," అన్నాడు. ఇంటికి వచ్చాక స్నానాల గదిలో తలుపేసుకుని, కుళాయి తిప్పి, ఏడ్చాను. వాడి కోసం ఏడ్చానని నా భార్య అనుకుంది. కాదు. నా కొడుకుకీ కూతురికీ రాదని తెలిసిన సంతోషం అది. కొబ్బరికాయ కొడదామని ఆవిడ అంటే కసిరాను. ఆ తర్వాత తమ్ముడింటికి వెళ్ళినప్పుడల్లా నా కాళ్ళు చక్కగా నడవడం నాకే తప్పుగా అనిపించేది. గుమ్మం దాటేటప్పుడు కావాలనే తలుపు పట్టుకునేవాణ్ణి.

ఫలితాలు వచ్చిన రోజున మేము బయల్దేరేముందు డాక్టరు ఇంకో మాట చెప్పాడు: అమ్మాయికి పెళ్ళీడు వచ్చింది కాబట్టి సంగతి చెప్పండి, పరీక్ష చేయించుకోవాలో వద్దో తనే నిర్ణయించుకుంటుంది, మీరు బలవంతం చేయకండి, దాచకండి. బయటికి రాగానే, మాతో వచ్చిన మరదలు నా చెయ్యి పట్టుకుంది. "పెళ్ళయ్యాక చెబుదాం బావగారూ. మీకు దణ్ణం పెడతాను." నేను సరేనన్నాను. తండ్రికి నరాల బలహీనత అని మాత్రమే ఆ పిల్లకి తెలుసు.

ఆ రోజుల్లో మాధాపూర్‌లో ఒక అద్దాల భవనం లేచిన ప్రతిసారీ మా వీధుల్లో ఏదో ఒక ఇంట్లో పెళ్ళి మాటలు మొదలయ్యేవి. తమ్ముడి అమ్మాయీ, ఆ అబ్బాయీ ఒకే కంపెనీలో, ఒకే కంపెనీ బస్సులో. వాళ్ళది బొల్లారంలో తాతల నాటి కాపురం, టైల్స్ దుకాణం. తండ్రి పెద్ద గొంతు మనిషి, లోపలికి వస్తూనే ఇల్లంతా నింపేశాడు.

"మీరు కూసోండి సార్, లేవకున్రి. మోకాలంటే మా అమ్మకు సుత గంతే తక్లీఫ్ ఉండె," అని తమ్ముడి చేతులు తనే పట్టుకుని ఊపి, ఎదురుగా కూర్చున్నాడు. అబ్బాయి తల్లి నవ్వి, "ఈయనకు మాట్లాడనిస్తే పెండ్లి గూడ ఇయ్యాలనే చేసేస్తడు వదినా," అంది మా మరదలితో.

మినపగారెలు తిన్నారు. అమ్మాయి ఉద్యోగం గురించి, ఇద్దరూ అమెరికా వాళ్ళ వేళలకి పనిచేయడం గురించి మాట్లాడుకున్నారు. తర్వాత ఆవిడే అడిగింది.

"ఏమనుకోకున్రి అన్నా, అడగాలె గావట్టి అడుగుతున్న. మీ ఇండ్లల్ల మేనరికాలు గిట్ల ఉన్నయా? మా చెల్లె ఇంట్ల చేసుకుంటే పిల్లలకు పరేషాన్ అయింది."

అందరూ నా వైపు చూశారు. "మా తరంలో లేవమ్మా. మా ఇద్దరివీ పరాయి సంబంధాలే," అన్నాను. ఆవిడ ముఖం తేటపడింది. నేను చెప్పింది నిజం. అది నిజమని తెలిసే, అది ఈ జబ్బుకి అడ్డుపడదని కూడా తెలిసే చెప్పాను.

అంతా అయిపోయింది. వాళ్ళు లేచారు. ఆడపిల్ల తండ్రి కూర్చునే ఉండగా వియ్యాలవారు గడప దాటడమనేది మా తమ్ముడి ఒంటికి తెలియని పని. చేతులు జోడించి లేచేశాడు. మరదలు అడుగు వేసేలోపే ఒక పక్కకి ఒరిగి, తాంబూలం పళ్ళెం తోసేసి, అబ్బాయి తండ్రి భుజం పట్టుకుని ఆగాడు. తమలపాకులు, వక్కలు నేల మీద పరుచుకున్నాయి. క్షమించమని ఏదో అన్నాడు. మాట ముద్దముద్దగా వచ్చింది.

అబ్బాయి తండ్రి వాణ్ణి రెండు చేతులా నిలబెట్టి, కళ్ళలోకి చూసి, గొంతు తగ్గించి నవ్వాడు. "ఏంది సార్, పొద్దుగూకక ముందే షురూ చేసిన్రా?"

తమ్ముడు భార్య వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. ఆ చూపు నాకు అర్థమైంది. అర్థం కాలేదని అనుకోవడానికి నాకు అవకాశమే లేదు.

"కొంచెం..." అన్నాడు. "అలవాటండి."

జన్మలో కల్లు ముంత కూడా ముట్టనివాడు. అదీ కార్తీకమాసంలో, సోమవారాలు ఉపవాసం ఉండే ఇంట్లో.

అబ్బాయి తండ్రి నా వైపు తిరిగాడు. "రోజు ఉంటదా అన్నా?"

ఊరుకున్నా సరిపోయేది. నేను ఊరుకోలేదు. "అబ్బే, శని, ఆదివారాలేనండి," అన్నాను.

"అరె, గంతేనా. నేనింకా ఏమో అనుకున్న. మోకాలు గీకాలు అని మాతోటి దాచుడెందుకు సార్?" అని తమ్ముడి వీపు తట్టాడు. "కార్తీకం అయినంక మా ఇంట్ల దావత్ చేసుకుందాం. ఇద్దరం కూసుందాం."

"ఈయనకు జోడు దొరికిండు," అంది ఆయన భార్య. "నువ్వూ నేనూ ఒక్క తీర్గనే ఉన్నం వదినా." మరదలు ఆవిడతో కలిసి నవ్వింది. అంత భయంలో అంత సహజంగా ఎలా నవ్విందో నాకు ఇప్పటికీ తెలియదు. అబ్బాయి వంగి తమలపాకులు ఏరుతున్నాడు. అమ్మాయి వంటింటి గుమ్మంలో నిలబడి తండ్రినే చూస్తోంది.

వాళ్ళు వెళ్ళాక మరదలు దేవుడి పటం ముందు చాలాసేపు కళ్ళు మూసుకుని నిలబడింది. తమ్ముడు, "నాన్న ఉంటే నన్ను చెప్పు తీసుకుని కొట్టేవాడు," అన్నాడు. అమ్మాయి ఏమీ అడగకుండా గిన్నెలు కడగడానికి కూర్చుంది. మేము అల్వాల్‌లో మా ఇంటికి వచ్చేశాం.

మర్నాడు ఆదివారం. నేను మొక్కలకి నీళ్ళు పోస్తుండగా గేటు దగ్గర స్కూటీ ఆగింది. అమ్మాయి లోపలికి వచ్చి, మెట్టు మీదే కూర్చుంది.

"పెదనాన్నా, పొద్దున్నే వాళ్ళ నాన్నగారు ఫోన్ చేశారు. ముహూర్తాలు చూద్దామన్నారు."

"మంచిదే కదమ్మా."

"నాన్న తాగడు."

నేను నీళ్ళు పోస్తూనే ఉన్నాను. కుండీ నిండి బయటికి కారుతోంది.

"తాగనివాడు తాగుతానని ఎందుకు ఒప్పుకుంటాడు? అంతకంటే చెప్పుకోలేనిది ఉంటేనే కదా. అమ్మనడిగితే ఏడుస్తోంది. నాన్ననడిగితే గోడకేసి తిరిగాడు. నిన్న శని, ఆదివారాలని మీరన్నారు. అందుకని మీ దగ్గరికొచ్చాను."

మరదలికి ఇచ్చిన మాట గుర్తొచ్చింది. అది అడ్డం పెట్టుకుంటే తప్పించుకోవచ్చు. నిన్న సాయంత్రం ఎంత తేలిగ్గా తప్పించుకున్నానో కూడా గుర్తొచ్చింది. చెంబు కింద పెట్టి, ఆమె పక్కన కూర్చుని, డాక్టరు నాకెలా చెప్పాడో అలాగే చెప్పాను. తాతయ్య నడక, చిన్నమెదడు, మూడక్షరాల ముక్క, సగం అవకాశం. ఆమె మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు.

"మీకు?" అంది చివర్లో.

"పరీక్ష చేయించుకున్నాను. లేదు."

"అయితే అన్నయ్యకీ, అక్కకీ రాదు."

"రాదమ్మా."

ఆమె తల ఊపింది. కోపం లేదు, అసూయ లేదు. ఎవరిదో రైలు టికెట్టు ఖరారైందని విన్నట్టు తల ఊపింది. ఆమె నన్ను తిట్టి ఉంటే నాకు కాస్త ఊపిరి ఆడేది.

తర్వాత సెల్‌ఫోన్ తీసి ఆ అబ్బాయికి చేసింది. "అల్వాల్‌కి రా. మా పెదనాన్న నీకో విషయం చెప్పాలి. కాదు, ఇప్పుడే." ఫోన్ పెట్టేసి, "నిన్న మీ నోటితోనే కదా విన్నాడు. మీరే చెప్పండి," అంది.

అతను బండి మీద వచ్చాడు. నా భార్య ఇచ్చిన కాఫీ పట్టుకుని కూర్చున్నాడు. ఎలా మొదలుపెట్టాలో తోచక, "మా తమ్ముడు తాగడు బాబూ," అన్నాను. చిన్నప్పుడు అమ్మ రోడ్డు మీద ఆగి ఆగి చెప్పిన మాట నా నోట్లోకి వచ్చింది. తర్వాత మిగిలినదంతా చెప్పాను.

"మరి ఈమెకు ఉన్నట్టా, లేనట్టా?" అన్నాడు.

"ఎవరికీ తెలియదు. రక్తం పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. చేయించుకోవాలో వద్దో ఆమె ఇష్టం."

"మందు గిట్ల ఏం లేదా?"

"నయం చేసేది ఇప్పటికైతే లేదు."

అతను కప్పు కింద పెట్టాడు. తర్వాత ఆమెతో, "నాకు జెర టైం కావాలె. అబద్ధం చెప్పను, భయమైతుంది. మా నాయనకు ఏం చెప్పాల్నో సుత తెల్వదు," అన్నాడు. "తీసుకో," అంది ఆమె. గేటు దాకా వెళ్ళి, బండి మలుపు తిరిగేదాకా నిలబడి, వెనక్కి వచ్చి, "పదండి, నాన్నకి చెబుదాం," అంది.

ఆమె వెనకాల స్కూటీ మీద నేరేడ్‌మెట్ వెళ్ళాను. తమ్ముడు మంచం మీద దిండుకి ఆనుకుని ఉన్నాడు. నేను రెండు ముక్కల్లో చెప్పాను. అమ్మాయికి తెలుసు, అబ్బాయికి తెలుసు, అతను సమయం అడిగాడు. వాడు కూతురి వైపు చెయ్యి చాపాడు. ఆ చెయ్యి గాల్లో అటూ ఇటూ ఊగుతుంటే ఆమే వెళ్ళి పట్టుకుంది.

"ఎప్పుడైనా చెప్పాల్సిందేరా," అన్నాడు నాతో.

మరదలు వంటింట్లోంచి వచ్చింది. చేతికి ఇడ్లీ పిండి అంటుకుని ఉంది. ఆమె ఎన్నడూ నా ముందు గొంతెత్తిన మనిషి కాదు. అప్పుడు కూడా ఎత్తలేదు.

"నిజం చెప్పడం మీకు తేలికే బావగారూ. మీ పిల్లలకి లేదు కదా."

"అమ్మా," అంది అమ్మాయి.

"ఉండమ్మా, అననీ," అన్నాను నేను.

కానీ ఆమె వంటింట్లోకి వెళ్ళి, కాసేపటికి అందరికీ ఇడ్లీలు తెచ్చింది. తమ్ముడికి ముక్కలు చేసి, ఎత్తు అంచున్న గిన్నెలో వేసి, చెంచా ఇచ్చింది. నా పళ్ళెం నా ముఖం చూడకుండా బల్ల మీద పెట్టింది. కూర్చోమని ఎవరూ అనలేదు. నేనే కుర్చీ లాక్కుని కూర్చున్నాను.